జర మెల్లగ

మా కాలనీలో ఏ వేళకు చూసినా ఎవరో ఒకరు పడుకునే ఉంటారు. బొగ్గుబాయికి మూడు షిఫ్టులు మరి. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు పొద్దున ఇంటికొచ్చి పడుకుంటారు. తెల్లారి షిఫ్టువాళ్లు చీకటి పడకముందే ముసుగు తన్నుతారు. రెండో షిఫ్టువాళ్లు బారెడు పొద్దెక్కినా లేవరు. అందుకే నస్పూర్‌లో మా క్వార్టర్ల వరుసలో పుట్టిన ఏ పిల్లకైనా అవ్వ, బాపు తర్వాత వచ్చే మూడో మాట 'మెల్లగ'. పుట్టినప్పుడు కూడా నేను మెల్లగానే ఏడ్చానని మా అవ్వ పదిమందికి గొప్పగా చెప్పుకుంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి చోట మేం చెవులు చిల్లులు పడేలా పాడే పంక్ బ్యాండ్ పెట్టాం. బుద్ధి ఉన్నవాళ్లు చేసే పని కాదని మాకూ తెలుసు.

ముగ్గురం. శ్రీహరిది మా ఎదురు క్వార్టరు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరకక తిరిగొచ్చాడు. చదువు ఎంత వచ్చిందో తెలియదు గానీ, ఒక బేస్ గిటారు, ఫోను నిండా పాటలు మాత్రం వెంట వచ్చాయి. ఇర్షాద్ మంచిర్యాల బజార్లో వాళ్ల అబ్బా బట్టల దుకాణంలో కూర్చుంటాడు. చీర విప్పి చూపిస్తూ కూడా బల్ల మీద వేళ్లతో దరువేస్తాడు. నేను నర్మదను. డిగ్రీ అయిపోయి మూడేళ్లయింది. పాత గిటారు ఒకటి ఉంది, ఫోన్ చూసి నేర్చుకున్నాను. నేనేం చేస్తున్నానని మా కాలనీలో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "బాపు నౌకరికి ఎదురుచూస్తాంది."

అదేమిటో చెప్పాలి. బాయిలో పనిచేసే మనిషికి రోగమొచ్చి ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ నౌకరి ఇంట్లో పిల్లకో పిల్లాడికో ఇస్తారు. కాబట్టి మా దగ్గర ఎవరైనా అన్‌ఫిట్ అయితే మిఠాయిలు పంచుతారు. మా బాపు సాంబయ్య ముప్పై ఏళ్లుగా బాయి దిగుతున్నాడు. పైకప్పు కూలకుండా ఆనింపులు పెట్టే పని. ఛాతీ నిండా దుమ్ము పేరుకుపోయింది. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ల పైచిల్లర ఉంది. రెండేళ్లకంటే తక్కువ సర్వీసు ఉన్నవాళ్లను బోర్డు పిలవదు. అంటే ఈ ఏడాది దాటితే నౌకరి మాట మరిచిపోవాల్సిందే. మా ఇంట్లో నేనొక్కతే బిడ్డను. బాపు అన్‌ఫిట్ అయితే నేను బాయికి పోవాలి. ఫిట్ అయితే బాపు పోవాలి. రెంటికీ మధ్యలో మూడో దారి లేదు.

నాకు ఆ నౌకరి వద్దు. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. చెబితే చెప్పు తీసుకుని కొడతారు, కొట్టినా తప్పు లేదు. ఆ నౌకరి నాకంటే నాకని కొట్లాడుకుని సొంత అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు మా వరుసలోనే ఉన్నాయి. నాకేమో అడగకుండానే వచ్చి ఒళ్లో పడబోతోంది. దాన్ని తలుచుకుంటే చాలు, ఇంట్లోంచి లేచి ఎటైనా పోవాలనిపిస్తుంది.

శ్రీహరి ఫోన్‌లో పాటలు మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. గిటారు మీద మూడే మూడు కార్డులు, వెనక కుక్క తరుముతున్నట్టు దరువు, పాడేవాడికి ముక్కుదిబ్బడ. పాట మొత్తం ఒకటే గోల, ఈ ఊళ్లో ఊపిరాడటం లేదు, ఎప్పుడు బయటపడదామా అని. దేశం కాని దేశంలో, సొంత కార్లు ఉన్న పిల్లలు పాడే పాటలవి.

"గీళ్లకేం పుట్టింది?" అన్నాను.

"పాప్ పంక్ అంటరు దీన్ని," అన్నాడు శ్రీహరి, నొచ్చుకుంటూ.

రెండో రోజు మళ్లీ పెట్టమని నేనే అడిగాను. మూడో రోజుకు తెలిసిపోయింది. ఊపిరాడటం లేదని ఇంత హుషారుగా చెప్పుకోవచ్చని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఇర్షాద్ అయితే వినగానే బల్ల వదిలి తొడల మీద వాయించడం మొదలుపెట్టాడు. "ఇది మనది యార్," అన్నాడు. "గీ దరువుకు పెండ్లి బరాత్ గూడ నడుస్తది."

ఎక్కడ వాయించాలన్నదే తేలలేదు. ఇర్షాద్ ఇంట్లో మేడ మీది గదులన్నీ బట్టల మూటలే. శ్రీహరి ఇంట్లో వాళ్ల అక్క పురిటికి వచ్చి ఉంది. చివరికి మా వెనక గదే గతయింది. మా అవ్వ వనజ రెండు షరతులు పెట్టింది. ఆడపిల్లను ఇద్దరు మగపిల్లలతో కూర్చుంటాను కాబట్టి తలుపు బార్లా తెరిచి ఉండాలి. గోడ అవతల వెంకటి కాక ఎప్పుడూ రాత్రి షిఫ్టే చేస్తాడు, పగలంతా పడుకుంటాడు కాబట్టి చప్పుడు కాకూడదు. తలుపు తెరుచుకుని, చప్పుడు లేకుండా, పంక్ వాయించాలి. మేం దానికీ ఒప్పుకున్నాం.

ఇర్షాద్ మా బాపు కప్పుకునే బొంతను నాలుగు మడతలు పెట్టి నేల మీద పరిచేవాడు. అదే పెద్ద డ్రమ్ము. పక్కన ఒక తలగడ, తువ్వాల చుట్టిన ఉప్పు డబ్బా. పుల్లలు ఎంత గట్టిగా దిగినా దబ్ దబ్ అని బట్టలుతికే చప్పుడే వచ్చేది. గిటార్లను కరెంటుకు కలిపేవాళ్లం కాదు. తీగలు దోమల్లా సన్నగా పలికేవి. ఇక నేను, పెదవులతో పాడేదాన్ని. ఊపిరికి కొంచెం ఎక్కువ, మాటకు కొంచెం తక్కువ. కోపంగా పాడాల్సిన చోట కళ్లు పెద్దవి చేసేదాన్ని. అంత చేసినా వారానికి నాలుగుసార్లు గోడ మీద వేలి కణుపులతో కొట్టిన చప్పుడయ్యేది. వెంకటి కాక గొంతు వినిపించేది, "జర మెల్లగ బిడ్డా."

బ్యాండుకు పేరు అలా దొరికింది. శ్రీహరి ఇంగ్లిష్‌లో ఇంకేదో పెడదామన్నాడు గానీ, ఓట్లు రెండు మావే.

మొదటి పాట కూడా దాని గురించే. నేనే రాశాను.

*సప్పుడు జెయ్యకు, పక్కింట్ల పండుకున్నరు*
*నవ్వకు ఏడ్వకు, పక్కింట్ల పండుకున్నరు*
*నాకు నిద్ర లేక ఎన్నొద్దులాయె*
*ఎవ్వలన్న అడిగిండ్రా?*

బాపు ఈ పాటను ఎన్నిసార్లు విన్నాడో నాకు తెలియదు. ముందు గదిలో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మేం వాయించడం అయిపోగానే బొంత ఇచ్చేస్తే తీసుకునేవాడు. ఆ బొంత బాపుకు చలికి కాదు, దగ్గుకు కావాలి. బాయిలో దగ్గు బయటపడితే తేలిక పనికి మార్చి జీతం కోస్తారని భయపడి, ముప్పై ఏళ్లు దగ్గును మింగడం నేర్చుకున్నాడు. ఇంట్లో దగ్గితే పక్కవాళ్ల నిద్ర చెడుతుందని బొంత అంచు నోట్లో కుక్కుకునేవాడు. బాపు కడుపారా దగ్గే చోటు ఒక్కటే ఉంది. కాలనీ చివర వాన నీళ్లు పోయే మోరీ ఉంటుంది, అది దాటితే ఇక ఇళ్లు లేవు. షిఫ్టుకు పోతూ అక్కడ ఆగి, లోపలున్నదంతా బయటికి దగ్గి, అప్పుడు బాయి దారి పట్టేవాడు. చిన్నప్పుడు ఆ దగ్గు వినిపించగానే నేను అవ్వతో, "బాపు మోరీ దాటిండు," అనేదాన్ని.

వినాయక నవరాత్రుల్లో మాకు మొదటి స్టేజీ దొరికింది. చెన్నూరులో శ్రీహరి మేనమామ హనుమండ్లు మండపం పెట్టిస్తాడు. అయిదో రోజు మా ప్రోగ్రాం అన్నాడు. నిజమైన డ్రమ్ములు, నిజమైన స్పీకర్లు. ముందు వరుసలో పిల్లలు, వాళ్ల వెనక ప్రసాదం గిన్నెలతో ఆడవాళ్లు కూర్చున్నారు.

ఏమైందో ఇప్పుడు చెబితే నవ్వుతారు. ఇర్షాద్ తొమ్మిది నెలలు బొంత మీద వాయించాడు. బొంత మీద పుల్ల పడితే పడిన చోటే ఉంటుంది, మళ్లీ మనమే లేపాలి. డ్రమ్ము మీద పుల్ల ఎగిరి వెనక్కి వస్తుంది. వాడు లేపేలోపే అది లేచి వాడి చేతిని కొట్టింది. ఒక్క దెబ్బ వేస్తే మూడు వినిపించాయి. తన చప్పుడుకు తానే ఉలిక్కిపడి, గోడ వైపు చూసినట్టు పక్కకు చూశాడు. నేను మైకు ముందు నిలబడి నోరు తెరిచాను. పెదవులు కదిలాయి. ఊపిరి వచ్చింది. గొంతు రాలేదు. ఎంత ముక్కినా మా వెనక గదిలో వచ్చినంతే వచ్చింది. కళ్లు మాత్రం పెద్దవి చేశాను.

పాట మొత్తం అయిపోయింది. హనుమండ్లు మామ స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు.

"టెస్టింగ్ అయిపోయింది. పిల్లలు ఇప్పుడు షురువు జేస్తరు, జర ఓపిక వట్టుండ్రి," అన్నాడు.

తిరుగు బస్సు ఎక్కాం. మంచిర్యాల దగ్గర పడుతుండగా ఇర్షాద్ నవ్వడం మొదలుపెట్టాడు. వాడి నవ్వు చూసి శ్రీహరికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. గొంతు నాది, నాలోపలే ఉంది, పిలిస్తే రాలేదు. అంత భయం నాకు అంతకుముందు ఎప్పుడూ వేయలేదు.

ఆ తర్వాత ఇర్షాద్ పెళ్లిళ్ల బ్యాండువాళ్ల గోదాములో నిజం డ్రమ్ముల మీద చెయ్యి తిప్పుకున్నాడు. నేనొకసారి మోరీ అవతలికి పోయి అరుద్దామనుకున్నాను. నిలబడి నోరు తెరిచేసరికి బొగ్గు లారీ ఒకటి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమైందమ్మా, ఎవలన్న ఏమన్నరా?" అని అడిగాడు. ఏం లేదన్నా అని చెప్పి ఇంటికొచ్చేశాను.

శ్రీహరికి అప్పుడొక ఆలోచన వచ్చింది. స్టేజీ మీద రానిది ఇంట్లోనే తీద్దామని, ఫోన్‌ను కిటికీలో పెట్టి మా వెనక గదిలో పాటను వీడియో తీశాడు. తెరిచిన తలుపు, బొంత మీద దరువు, నా ఊపిరి పాట, మధ్యలో వెంకటి కాక గోడ మీద కొట్టిన చప్పుడు, "జర మెల్లగ బిడ్డా." దాన్ని తీసేయకుండా అలాగే పెట్టేశాడు. వారం తిరిగేసరికి ఎక్కడెక్కడివాళ్లో చూశారు. 'మా ఇంట్లో కూడా ఇంతే' అని రాసినవాళ్లే ఎక్కువ. గోదావరిఖని నుంచి ఒకమ్మాయి, మీ గోడ మా గోడే అక్కా అని రాసింది. నేను ఆ మాట చాలాసార్లు చదువుకున్నాను.

కరీంనగర్ నుంచి మమతారాణి మేడం ఫోన్ చేసింది అప్పుడే. అక్కడొక కాలేజీలో లెక్చరరు, ప్రతి డిసెంబర్‌లో కొత్త బ్యాండ్ల పోటీ పెట్టిస్తుంది.

"మెల్లగా పాడే పిల్లలు మీరేనా? రండి. కానీ స్టేజీ మీద అట్ల నడవదు, గొంతు విప్పాలె," అంది. పోటీలో నచ్చినవాళ్లను హైదరాబాద్‌లో ఒక స్టూడియోవాళ్లు మూడు నెలలు తమ దగ్గరే ఉంచుకుని పాటలు రికార్డు చేయిస్తారట. జనవరి నుంచి.

ఫోన్ పెట్టేసి ఇంట్లోకి వచ్చాను. అవ్వ దేవుడి పటం ముందు ఒక కవరు పెట్టి దండం పెట్టుకుంటోంది. బాపుకు బోర్డు పిలుపు వచ్చింది. నవంబర్ ఆఖరి వారం. అన్‌ఫిట్ అయితే నెల లోపల నేను కాగితాలతో హాజరు కావాలి, వెంటనే ట్రైనింగు. కరీంనగర్ లేదు, హైదరాబాద్ లేదు. అవ్వ నా నోట్లో చక్కెర పోసింది. నేను మింగాను.

ఆ నెల మా ఇంట్లో దగ్గు నేర్పారు. నవ్వులాట కాదు. వెంకటి కాకకు బోర్డు సంగతులన్నీ తెలుసు, వాళ్ల తమ్ముడు అన్‌ఫిట్ అయ్యాడు. సాయంత్రం నిద్ర లేచి, చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి బాపు ముందు కూర్చునేవాడు.

"సాంబన్నా, లేనిది చెప్పుమంటలేను. ఉన్నదే జర చూపియ్యి. డాక్టర్ ముందర దగ్గు."

బాపు నోరు తెరిచేవాడు. ఛాతీ పైకి లేచేది. మొహం ఎర్రబడేది. ఏమీ వచ్చేది కాదు.

"వస్తలేదురా," అనేవాడు సిగ్గుపడుతూ.

"రాత్రంత గురగురమంటవ్ గద," అని అవ్వ విసుక్కునేది. "గది ఇప్పుడు అనుమంటే ఏమాయె?"

"మంది ముందర రాదే."

నేను తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. చెన్నూరు స్టేజీ మీద నేనెలా ఉన్నానో అప్పుడు కనిపించింది. జాలి పడాల్సింది. కానీ లోపల ఏ మూలో ఒక సంతోషం కదిలింది, రాకపోతే బాగుండు అని. అలా అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. మళ్లీ అనుకున్నాను.

పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారి పోవాలి. ఇంటి మనిషిని వెంట తెచ్చుకోమన్నారు కాబట్టి నేను వెళ్లాను. వరండా నిండా బాపులే. అందరూ ఉతికిన అంగీలు వేసుకున్నారు, అందరి వెనకా ఒక కొడుకో బిడ్డో కాగితాల కవరు పట్టుకుని నిలబడ్డారు. బాపును గొట్టంలో ఊదమన్నారు. మెట్లెక్కి దిగమన్నారు. పెద్దమనుషుల ముందు నిటారుగా నిలబడటం తప్ప మరొకటి తెలియని మనిషి, మెట్లు గబగబా ఎక్కేశాడు. పైన ఒక్క క్షణం గోడ పట్టుకుని, ఊపిరి మింగి, నవ్వుతూ దిగాడు.

లోపల డాక్టర్లు ముగ్గురు. నడి వయసు డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూశాడు.

"దగ్గు వస్తుందా?"

"బాగనే ఉన్న సార్," అన్నాడు బాపు.

ముప్పై ఏళ్లుగా ఆఫీసర్ ఎవరు అడిగినా అదే జవాబు. నోటికి వేరేది రాదు. అన్నాక తప్పు తెలిసింది కాబోలు, మొహం వాడిపోయింది. దగ్గడానికి ప్రయత్నించాడు. ఛాతీ పైకి లేచింది. రాలేదు. అంగీ వేసుకోమన్నారు, మూలన ఆకుపచ్చ పరదా వెనక్కి వెళ్లాడు.

డాక్టరు నా వైపు తిరిగాడు. చెడ్డవాడేం కాదు, ఓపిగ్గానే అడిగాడు. "ఎక్స్‌రేలో మచ్చలున్నాయి కానీ అటూ ఇటూ కాకుండా ఉంది. ఇంట్లో ఎలా ఉంటాడమ్మా? రాత్రుళ్లు దగ్గు, ఆయాసం ఉంటాయా?"

అంతా నా నోట్లోనే ఉంది. బొంత అంచు మీద నల్లటి మరకలు. నిద్రలో ఈల వేసే ఛాతీ. మోరీ. ఒక్కటి చెప్పినా చాలేది. చెబితే బాపు ఆ రోజు నుంచి ఇంట్లో ఉంటాడు, నేను బాయికి పోతాను.

"బాగనే ఉంటడు సార్," అన్నాను.

గొంతు స్పష్టంగా, పెద్దగానే వచ్చింది. డాక్టరు తల ఊపి రాసుకున్నాడు. గోడ గడియారం కింద నిలబడి నేను బాపు చెప్పులు చూస్తూ ఉన్నాను, పరదా కింద నుంచి కనబడుతున్నాయి.

ఫిట్ అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి బాపు ఇవతల కూర్చున్నాడు. టికెట్లు జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"తప్పు నాదే బిడ్డా. నోరు రాలే. నీ నౌకరి నేనే ఖరాబ్ జేసిన."

నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. చెబుదామని రెండుసార్లు తిరిగాను. రెండుసార్లూ బాపు నా వైపు చూసి, నన్ను ఓదార్చడానికి నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు చచ్చిపోవాలనిపించింది.

అవ్వ వారం రోజులు బాపుతో మాట్లాడలేదు. గిన్నెలతో మాట్లాడింది. "ముప్పై ఏండ్లు మింగినోనికి ఒక్కనాడు కక్కుమంటే రాలే," అని చీపురుకు చెప్పింది. బాపు ఎదురు చెప్పకుండా తిని, రెండో షిఫ్టుకు పోయేవాడు. నేను తినకుండా లేచేదాన్ని. బిడ్డ నౌకరి కోసం బెంగ పెట్టుకుందని అవ్వ ఇంకా ఏడ్చేది.

కరీంనగర్‌కు మమ్మల్ని శ్రీహరి వాళ్ల బావ బండిలో తీసుకెళ్లాడు. పెద్ద హాలు. మాకంటే ముందు పాడినవాళ్లు బాగా పాడారు. సౌండ్ మనిషి రెండుసార్లు వచ్చి, "గొంతు జర ఇయ్యమ్మా, నాకు అందుతలేదు," అన్నాడు. ఇర్షాద్ నా దగ్గరికి వచ్చాడు. "ఫికర్ జెయ్యకు. నేనైతే గట్టిగ కొడ్త. నువ్వు వస్తే రా, లేకపోతే లేదు," అన్నాడు. వాడు ఓదార్చే పద్ధతి అదే.

దరువు మొదలైంది. ఈసారి పుల్లలు వాడి మాట విన్నాయి. శ్రీహరి తీగ మీద పడ్డాడు. నేను మైకు దగ్గరికి పోయాను. మొదటి లైను ఊపిరిలానే వచ్చింది. రెండో లైనూ అంతే. వెనక వరుసలోంచి ఎవరో, "ఇనవడ్తలేదు," అని అరిచారు. మరొకరు ఈల వేశారు.

*ఎవ్వలన్న అడిగిండ్రా* అనే లైను దగ్గరికి వచ్చాను. అడిగారు. నిజంగానే అడిగారు. ఓపిగ్గా, నా మొహం చూసి, ఇంట్లో ఎలా ఉంటాడమ్మా అని అడిగారు. నేను రాసుకున్న పాటే నా మొహం మీద కొట్టినట్టయింది. కడుపులోంచి ఏదో లేచింది, దాన్ని ఆపడానికి నాకు బొంత లేదు.

ఆ అరుపు నాదని మొదట నాకు తెలియలేదు. ఇర్షాద్ ఒక దెబ్బ తప్పి, మళ్లీ అందుకున్నాడు. హాలు లేచి నిలబడింది. నేను పాటను మొదటి నుంచి మళ్లీ పాడాను, కాదు, అరిచాను. సప్పుడు జెయ్యకు అని గొంతు చించుకుని అరుస్తుంటే మూడు నాలుగు వందలమంది నాతోపాటు అరిచారు. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. వాళ్లు దాన్ని పాటలో భాగమనుకున్నారు. ఈ గొంతు రావాల్సింది ఇక్కడ కాదు, ఆకుపచ్చ పరదా ఉన్న ఆ గదిలో. అక్కడ అవసరమైనదానికి ఇక్కడ చప్పట్లు కొట్టించుకున్నాను.

స్టూడియోవాళ్లు మమ్మల్నే తీసుకున్నారు. జనవరి మొదటి సోమవారం రమ్మన్నారు. మమతారాణి మేడం నన్ను కౌగిలించుకుంది. శ్రీహరి ఏడ్చాడు. ఇర్షాద్ వాళ్ల అబ్బాకు ఫోన్ చేసి మూడు నెలలు దుకాణానికి రానని చెప్పి, ఆయన తిట్లు మాకు స్పీకర్లో వినిపించాడు.

మరునాడు మధ్యాహ్నం. అవ్వ రేషన్ షాపుకు పోయింది. బాపు రెండో షిఫ్టుకు బయలుదేరుతూ గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. నా గొంతు బొంగురుపోయి ఉంది, పైగా రాత్రి నుంచి అది తగ్గడం మరిచిపోయింది. మెల్లగా మాట్లాడుదామన్నా పెద్దగానే వస్తోంది.

"బాపూ, బోర్డు కాడ నేను అబద్ధం చెప్పిన."

వరుస మొత్తానికి వినిపించేంత పెద్దగా వచ్చింది. బాపు తల ఎత్తలేదు.

"జర మెల్లగ బిడ్డా. వెంకటి పండుకున్నడు."

ఒళ్లు మండిపోయింది. "పండుకోని. డాక్టర్ నన్ను అడిగిండు. నీకు దగ్గున్నదా అని. బాగనే ఉంటడని చెప్పిన. నాకు నౌకరి వద్దు, పాడుకుంటందుకు పోవాలె, గందుకే చెప్పిన. తప్పు నీది గాదు."

బాపు ఒక బూటు లేసు ముడి వేశాడు. రెండోది అందుకున్నాడు.

"పరదా ఎనుకనే ఉన్న గద. ఇన్న," అన్నాడు.

"మరి బస్సుల నీ తప్పంటివి?" అన్నాను. ఈసారి మెల్లగానే వచ్చింది.

"మీ అవ్వ ఎవలనన్న ఒకలను తిట్టాలె గద. నన్నైతె వారం తిట్టి ఊకుంటది. నిన్నైతె ఊకోదు."

"నువ్వు కావాల్నని దగ్గు ఆపినవా? నాకోసం?"

అవునంటే బాగుండని ప్రాణం లాగింది. అవునంటే ఇద్దరం కలిసి చేసిన పని అవుతుంది. బాపు అబద్ధం ఆడే మనిషి కాదు, ఆఫీసర్ల ముందు తప్ప.

"లేదు బిడ్డా. నిజంగనే రాలే. వస్తె దగ్గేటోణ్ని. నౌకరి నీకు రావాలనే ఉండె నాకు." లేచి నిలబడి, గోడకు తగిలించిన సద్ది సంచి తీసుకున్నాడు. "నిన్ను అడిగినప్పుడు, నువ్వు చెప్తవనుకున్న."

అంతే అన్నాడు. కోపం లేదు, దెప్పడం లేదు. మొన్న వాన పడుతుందనుకున్నా అన్నట్టు అన్నాడు.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. బాపు నా తల మీద చెయ్యి వేసి తీశాడు. "పో. హైదరాబాద్ పో. రెండేండ్లే గద, ఎల్లదీస్త. గీ రెండేండ్లల్ల నువ్వేం జేస్తవో చెయ్యి."

వెళ్లిపోయాడు. క్వార్టర్ల నీడ పడిన దారిలో, ఎవరి నిద్రా చెడకుండా, బూట్లు నేలకు ఆనించీ ఆనించకుండా నడిచాడు. నేను జనవరిలో పోతాను. పోకుండా ఉండలేను, ఆ సంగతి నాకు తెలుసు. పాడిన ప్రతి పాటకూ అక్కడ చప్పట్లు కొడతారు, ఆ వేళకు బాపు ఏ షిఫ్టులో కింద ఉన్నాడో నేను లెక్క వేస్తూ ఉంటాను. నాకు దొరికిన రెండేళ్లూ బాపు బాయిలో ఉండే రెండేళ్లే.

కాలనీ మలుపు తిరిగాక మనిషి కనబడలేదు. నేను వింటూ నిలబడ్డాను. మోరీ అవతల దగ్గు మొదలైంది. గట్టిగా, ఎవరికీ భయపడకుండా, లోపలున్నదంతా ఊడి వచ్చేట్టు. ఎప్పుడూ వినే దగ్గే గానీ ఈసారి ఎంతసేపటికీ ఆగలేదు.

గోడ అవతల మంచం కిర్రుమంది.

"మోరీ దాటిండు మీ బాపు," అన్నాడు వెంకటి కాక.

ఆయన పడుకోనే లేదు.